మునగని మోచెయ్యి

మే ఎనిమిదో తారీకున ధవళేశ్వరంలో జరగవలసిన మోజెస్ బాబు పెళ్లికి నీళ్ల కరువు వచ్చిపడింది. తాగడానికి కాదు. పెళ్లికొడుకుని ముంచడానికి.

మోజెస్ బాబు కాలవల ఆఫీసులో గుమస్తా. లూథరన్. పొత్తిళ్లలో ఉండగానే గుడి అయ్యగారు గిన్నెలో వేళ్లు ముంచి అతని నెత్తిన నీళ్లు చల్లారు. సలోమి రాజమండ్రిలో నర్సు. బాప్టిస్టు. ఆ సంఘంలో మనిషి బుద్ధెరిగాక నిలువెల్లా మునిగితేనే లెక్క. నెత్తిన చల్లే నీళ్లు క్షవరానికి పనికొస్తాయి గానీ రక్షణకు పనికిరావు.

మోజెస్ బాబు తల్లి రత్తమ్మ గారికి కడుపు ఆపరేషనయినప్పుడు సలోమి ఆ వార్డులో ఉంది. తల్లికి కుట్లు మానేలోపు కొడుక్కి జబ్బు పట్టుకుంది. సలోమి తండ్రి, రామచంద్రపురం అబ్రహాము గారు, సంఘ పెద్ద. కుర్రవాడి ఉద్యోగం విని సంతోషించారు. మతం విని విచారించారు.

క్రైస్తవులకు ముహూర్తాల పట్టింపు లేదు. అందుచేత రత్తమ్మ గారు సిద్ధాంతి దగ్గరికి తాను వెళ్లకుండా పక్కింటి సత్యలక్ష్మి గారిని పంపారు. మే ఎనిమిది దాటితే మంచిరోజు లేదు, ఆపైన అధికమాసం, దాని వెనక మూఢం అని తేలింది. రామచంద్రపురంలో అబ్రహాము గారికి కూడా పట్టింపు లేదు గనక ఆయన బియ్యం కొట్టు శెట్టిగారిని పంపారు. రెండు చోట్లా ఒకే తేదీ వచ్చింది. ఇది కేవలం దేవుని చిత్తమని రెండు సంఘాలూ స్తోత్రం చెల్లించాయి.

చిక్కల్లా ఏమిటంటే, ఏటా వేసవిలో మరమ్మతుల కోసం డెల్టా కాలవలు కట్టేస్తారు. బాప్టిస్టులు ముంచేది కాలవలో. ఆ ఏడు కాలవలు కట్టేసే ఉత్తర్వు ఊళ్లన్నిటికీ పంపినవాడు స్వయానా మోజెస్ బాబే.

"అల్లుడుగారు కాలవల ఆఫీసులో ఉండి ఒక్క గంట నీళ్లు వదిలించలేరా అండీ?" అన్నారు అబ్రహాము గారు.

"ఒక్క పెళ్లికొడుకు కోసం డెల్టాకంతా నీళ్లు వదలరండి."

"మోషే పేరు పెట్టుకున్నారు. ఆయన బండను కొడితే నీళ్లొచ్చాయి!"

"నేను లాకు తలుపులు ఎత్తితే సస్పెన్షనొస్తుందండి."

పక్కనే గోదావరి ఉంది కదా అని మీరడుగుతారు. మోజెస్ బాబూ అడిగాడు. అబ్రహాము గారు అదిరిపడ్డారు. "నిరుడే పుష్కరాలయ్యాయి. గోదాట్లో మునిగితే పాపాలు పోతాయని హిందువులు చెప్పుకుంటారు. రేపు అల్లుడిగారి పాపాలు ఎవరివల్ల పోయినట్టు?"

ఇది నిజంగా లోతైన ప్రశ్న. నూతిలో దింపుదామని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. "నేను డ్యూటీలో ఉన్నరోజు దింపండి, పైకి తీశాక పని పడుతుంది" అంది సలోమి.

ఇటు లూథరన్ అయ్యగారు ఊరుకోలేదు. ఆదివారం వేదిక మీంచి గర్జించారు: "ఒకసారి పొందిన బాప్తిస్మాన్ని అవమానించి రెండోసారి మునిగేవాడు ఈ సంఘానికి పరాయివాడు! మన సమాధుల దొడ్డిలో వాడికి జానెడు చోటు కూడా లేదు!"

ఆ దొడ్డిలో మోజెస్ బాబు తండ్రి పక్కన ఖాళీ ఉంది. రత్తమ్మ గారు ఇంటికొచ్చి శోకాలు పెట్టారు. "మళ్లీ ముంచాలంటే ఇన్నాళ్లూ నా కొడుకు అన్యుడికిందే తిరిగాడంటారా? ఆ పిల్ల కావాలో, మీ నాన్న పక్కన చోటు కావాలో తేల్చుకోరా!"

చావడానికి ఇంకా వ్యవధి ఉందనీ, పెళ్లికి లేదనీ మోజెస్ బాబు లోలోపల తేల్చుకున్నాడు. పైకి మాత్రం "నీ ఇష్టం అమ్మా" అన్నాడు. సలోమి లేని జీవితం అతనికి కట్టేసిన కాలవలా కనిపిస్తోంది.

గండం గట్టెక్కించినవాడు మేనమామ చిట్టియ్య. లాకు తలుపుల దిగువ ఒక గుంటలో మోకాటి లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి. మేనల్లుడు పొద్దున్నే అటు షికారు వెళ్తాడు. కాలు జారతాడు. ఆ సమయానికి అక్కడ బాప్టిస్టు పాస్టరుగారు ప్రార్థన చేసుకుంటూ ఉంటే అది ఎవరి తప్పూ కాదు.

"వాళ్ల లెక్కలో బాప్తిస్మం, మన లెక్కలో కాలుజారుడు. ఎవరి లెక్క వాళ్లది" అన్నాడు చిట్టియ్య.

అనుకున్నట్టే మోజెస్ బాబు జారాడు. పాస్టరుగారు వెనక్కి వంచి ముంచారు. మోకాటి లోతు నీళ్లలో ఆరడుగుల మనిషిని ముంచడం సామాన్యం కాదు. బురదలోంచి లేచేసరికి అబ్రహాము గారు చెయ్యెత్తారు.

"ఎడమ మోచెయ్యి మునగలేదండీ!"

అది వాస్తవం. భయంతో అతను మోచెయ్యి పైకెత్తి ఉంచాడు. సంఘపెద్దలు గట్టుమీద సమావేశమయ్యారు. మనిషి బాప్టిస్టు అయ్యాడు, మోచెయ్యి ఇంకా లూథరనే అని తీర్మానించారు. మళ్లీ ముంచితే రెండు బాప్తిస్మాలవుతాయి, సిద్ధాంతం ఒప్పుకోదు. చెంబుతో మోచేతి మీద పోస్తే అది చిలకరింపు, అసలే ఒప్పుకోదు. ఎండెక్కాక మోచేతిని మాత్రం విడిగా, ప్రార్థన లేకుండా ముంచి తీశారు.

ఆ ఆదివారం లూథరన్ గుడిలో, కాలుజారి పడిన సహోదరుని క్షేమం కొరకు ప్రత్యేక ప్రార్థన జరిగింది.

ఆ తరవాత అడ్డేముంది? తాళి అన్యాచారమని పిల్లవైపు వారు, తాళి లేకపోతే అది పెళ్లే కాదని పిల్లవాడివైపు వారు కొంత పోట్లాడుకుని, సిలువ వేలాడే గొలుసు దగ్గర రాజీపడ్డారు. రామచంద్రపురంలో ప్రధానం పెట్టుకున్నారు. ఆ నిశ్చితార్థానికి ఇద్దరు పాస్టర్లూ ఒకే బల్లమీద కూర్చోవడం చూసి ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

"గోడలు కూలాయి!" అన్నారు లూథరన్ అయ్యగారు. "ప్రభువు బల్ల దగ్గర ఎక్కువా తక్కువా లేదు!"

"ఆమెన్!" అన్నారు బాప్టిస్టు పాస్టరుగారు. మాంసం ఉడకడం కాస్త ఆలస్యమైంది.

ఆలస్యమైతే మనుషులు మాట్లాడుకుంటారు. చిట్టియ్య అబ్రహాము గారి పక్కన చేరి, "తమరి తాతగారిది ఏ ఊరండీ?" అన్నాడు.

"మొగల్తూరు అవతల పల్లెండి. మిషను దొరలు చదివించి ఇటు తెచ్చారు."

"ఆ పల్లే! మా అమ్మ పుట్టిల్లు అదేనండి! తూర్పుపేటేగా?"

"కాదండి, పడమటిపేట."

చిట్టియ్య చేతిలో మంచినీళ్ల గ్లాసు అలాగే ఆగింది. అబ్రహాము గారి చిరునవ్వూ అలాగే ఆగింది. ఇద్దరివీ మిషను ఇళ్లే, ఇద్దరివీ బైబిలు పేర్లే. క్రైస్తవుల్లో కులం అడగరు గనక ఎవరూ అడగలేదు. ఎవరికి వారు మనవాళ్లేలే అనుకున్నారు. ఆ రెండు పేటల మధ్య పొలాలకు నీళ్లు పారే చిన్న పంటబోదె ఒకటి ఉంది. ఏ కాలంలోనూ అందులో చీలమండ మునిగేన్ని నీళ్లుండవు. దాన్ని దాటి పిల్లనిచ్చినవాడు మాత్రం ఇంతవరకూ లేడు.

ఈసారి ఎవరూ బైబిలు తెరవలేదు. పాస్టర్లిద్దరూ తలెత్తి ఫ్యాను తిరగడం పరిశీలించారు.

"మావాళ్లు ఒప్పుకోరండి" అన్నారు అబ్రహాము గారు.

"మావాళ్లు మటుకు ఒప్పుకుంటారా?" అన్నారు రత్తమ్మ గారు.

సంబంధం మొదలయ్యాక ఉభయులూ ఒక మాటమీద నిలబడడం ఇదే ప్రథమం.

సలోమి గుమ్మంలోకి వచ్చింది. "మోజెస్ గారూ, నాకోసం బురదలో మునిగారు. ఈ బోదె దాటలేరా అండీ?"

అతను లేవబోయాడు. రత్తమ్మ గారు కడుపు పట్టుకుని మూలిగారు. అతను కూర్చున్నాడు. "అమ్మకి కుట్లు... ఆవిడ ఆరోగ్యం..."

"ఆ కుట్లు విప్పింది నేనేనండి. ఎప్పుడో మానిపోయాయి" అంది సలోమి. చేతిసంచీ తీసుకుని రాజమండ్రి బస్సుకి వెళ్లిపోయింది. ఆ పూట నైట్ డ్యూటీ వేయించుకుందని తరవాత తెలిసింది.

సిద్ధాంత భేదాల కారణంగా వివాహం రద్దయినదని రెండు సంఘాలూ ప్రకటించాయి. మోజెస్ బాబుకు సమాధుల దొడ్డిలో చోటు ఖాయమైంది.

సోమవారం ఆఫీసులో పక్కసీటు పల్లంరాజు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "పెళ్లాగిపోయిందంట, ఏంటండీ సంగతి?"

మోజెస్ బాబు ఫైలు తిరగేస్తూ, "బాప్తిస్మం దగ్గర తేడా వచ్చిందండి. చిలకరించాలా, ముంచాలా అని" అన్నాడు.

పల్లంరాజు కళ్లలో గౌరవం కనిపించింది. "ఎంతైనా మీ మతం గొప్పదండి. ఆగినా దేవుడి దగ్గర ఆగింది. మాలో అయితే కులం దగ్గరే ఆగిపోయేదండి."