అలవాటు కోసం రాసిన పరీక్ష

ఆ ఆదివారం మా ఇంట్లో నాన్న, అమ్మ, బాబాయి, మావయ్య, ట్యూషన్ మాస్టారు ఉన్నారు. నేను కూడా ఉన్నాను గానీ, టీ గ్లాసులు మోసేవాళ్ళని లెక్కలో వెయ్యాలో వద్దో నాకు తెలీదు.

సభ దేనికంటే, కాలేజీ సీటు కోసం నేను ఈ ఏడాది రాసిన ప్రవేశ పరీక్షల్లో వచ్చే ఏడాది ఏవి మళ్ళీ రాయాలి, కొత్తగా ఏవి రాయాలి అన్నది తేల్చడానికి.

పరీక్షలు ఎక్కువైపోయాయని, పిల్లలు నలిగిపోతున్నారని ఈమధ్య పేపర్ల నిండా ఒకటే ఏడుపు. నేనొప్పుకోను! ఎన్ని పరీక్షలుంటే ఇంటికి అంత మంచిది. తప్పిన పరీక్షలైతే మరీ మంచిది.

మీరే చూడండి. ఎవరి పెళ్ళిలోనో కుర్చీ దగ్గర మాటా మాటా అనుకుని, మా బాబాయీ మావయ్యా ఏళ్ళ తరబడి మొహాలు చూసుకోలేదు. నా ఇంజినీరింగ్ ర్యాంకు వచ్చిన రోజున ఇద్దరూ ఒకే గొంతుతో "అబ్బే!" అన్నారు. అంతే, మాటలు కలిసిపోయాయి! నాకు మంచి ర్యాంకు వచ్చి ఉంటే ఈ సంసారం ఏమైపోయేదో ఆలోచించండి.

పరీక్షలు మనుషులకి దూరదృష్టి కూడా ఇస్తాయి. బాబాయిది సెల్‌ఫోన్ రిపేర్ షాపు. ప్రపంచం మొత్తం కంప్యూటర్ల మీదే నడవబోతోందని, ఇంజినీరింగ్ పరీక్షే మళ్ళీ రాయాలని ఆయన పట్టు. మావయ్యది మందుల షాపు. ప్రపంచం మొత్తానికి జబ్బులు రాబోతున్నాయని, డాక్టరు పరీక్షే రాయాలని ఆయన పట్టు. ఎవరి షాపు పక్కన వాళ్ళు నాకోసం అప్పుడే ఒక గది కట్టేశారు, మాటల్లో.

ఇక మాస్టారు. మా వీధి పిల్లలు ఆయనకి 'ఇంకొక్కసారి మాస్టారు' అని పేరు పెట్టుకున్నారు. ఎన్ని మార్కులు తెచ్చుకుని వెళ్ళినా చూసి, కళ్ళజోడు తీసి, "బాగానే ఉందమ్మా, ఇంకొక్కసారి రాస్తే గనక..." అని ఆగిపోతారు. అలా ఆగిన చోటల్లా ఆయన మేడ మీద ఒక గది లేచింది. పరీక్షలు తగ్గించాలనేవాళ్ళు ముందు ఆ మేడ సంగతేమిటో చెప్పాలి!

పరీక్షల్లో రకాలున్నాయి. తప్పనిసరిగా రాసేవి కొన్ని. అది పోతే ఇది ఉంటుందని రాసేవి కొన్ని. పక్కింటమ్మాయి రాసిందని రాసేవే ఎక్కువ. వీటన్నిటికంటే పైన, అలవాటు కోసం రాసేవి ఉంటాయి.

ఇవి చాలా గొప్పవి. హాల్లో కదలకుండా కూర్చోవడం, బయట చెప్పులు విడిచి వేలిముద్ర వెయ్యడం, గడియారం చూసి కంగారు పడకపోవడం, ఇవన్నీ అలవాటు కావడానికి ముందుగా ఏదో ఒక చిన్న పరీక్ష రాయిస్తారు. దానికొకటే నియమం. అందులో పాసవకూడదు. పాసైతే ఇంక అది అలవాటు ఎలా అవుతుంది?

నేను పాసయ్యాను.

పశువైద్య కాలేజీలో సీటు వచ్చింది. "అదా? అది అలవాటు కోసం రాసిందిలెండి" అని నాన్న మాస్టారికి సర్దిచెప్పుకున్నాడు, నేను వాళ్ళింట్లో గాజు గ్లాసు పగలగొట్టినట్టు.

ఆమధ్య ఒకసారి మా వెనకింటి ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగినప్పుడు పశువుల డాక్టరమ్మ వచ్చింది. మోచేతిదాకా సబ్బు రాసుకుంటూ, "ఎవరైనా తోక పట్టుకోండి" అంది. పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను పట్టుకున్నాను. నలుగురిలో నాకు నోరు పెగలదు. ఆ రోజు మాత్రం "లాగండి, కాళ్ళు కనబడుతున్నాయి!" అని వీధంతా వినబడేలా అరిచానట. ఆ అరుపు నాదంటే అమ్మ ఇప్పటికీ నమ్మదు.

సభ మధ్యలో సొంత గొడవ తెచ్చాను, క్షమించండి.

సీటు కావాలో వద్దో చెప్పడానికి ఆ సాయంత్రమే ఆఖరు. కాలేజీ సైటులో బటన్ నొక్కితే ఓటీపీ వస్తుంది. అది కొడితే సీటు నాది. కొట్టకపోతే వెనకాలవాళ్ళకి పోతుంది. బాబాయి రిపేరుకని తెచ్చిన లాప్‌టాప్ పక్కగదిలో ఉంది. నొక్కాను. ఓటీపీ నాన్న ఫోన్‌కి వెళ్తుంది. ఫోన్ నాన్న జేబులో, నాన్న సభలో! ధైర్యం తెచ్చుకుని వెళ్ళేలోపు ఆ ఓటీపీ గడువైపోయింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అంతే. ఈసారి లాప్‌టాప్ మీద, మిగిలింది ఒకే అవకాశం అని ఎర్రక్షరాలు వచ్చాయి.

ఖాళీ గ్లాసులు తీసే వంకతో ట్రే పట్టుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"నాన్నా, నీ ఫోన్‌కి నంబరేదైనా వచ్చిందా?"

"వచ్చింది. చెరిపేశా."

"చెరిపేశావా?"

"మరి! ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే? ఎవడో దొంగ వెధవ, వదలకుండా రెండుసార్లు పంపాడు. రెండూ లేపేశా."

"బావా, నీ దగ్గర ఎవడి ఆటలూ సాగవు!" అన్నాడు మావయ్య. మాస్టారు కూడా మెచ్చుకోలుగా తలూపారు.

"అది నాకోసం వచ్చింది నాన్నా. సీటుకి. ఇంకొక్కటి వస్తుంది, ఫోన్ ఒక్కసారి ఇస్తే..."

"ఏ సీటు?"

"పశువుల డాక్టరు కాలేజీది."

"అది అలవాటు కోసం రాసిందేగా తల్లీ!" అంది అమ్మ. అందరూ నవ్వారు. కోపంగా కాదు, చాలా ప్రేమగా.

ఇంకా గుమ్మంలోనే నిలబడ్డాను. ఒక్కొక్కరి మొహం చూశాను. నా ర్యాంకు తెలిసినవాళ్ళున్నారు, నా మార్కులు తెలిసినవాళ్ళున్నారు, నేను ఏ సబ్జెక్టులో ఎన్ని తప్పులు చేశానో వేళ్ళ మీద చెప్పగలిగినవాళ్ళున్నారు. పరీక్ష రాయాల్సిన మనిషికి మాత్రం అక్కడ కుర్చీ వెయ్యలేదు.

"నీ జీవితం గురించే కదా ఇంతమందిమి బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నాం," అన్నాడు బాబాయి లేచి వస్తూ. "ఇప్పుడు ఫోనెందుకు నీకు? వెళ్ళి చదువుకో."

"ఏ పరీక్షకి, బాబాయ్?"

"అదే తేలుస్తున్నాం! తేలేదాకా అన్నిటికీ చదువు," అని నా చేతిలోని ఖాళీ ట్రేని కాస్త వెనక్కి నెట్టి, బాబాయి తలుపు వేసేశాడు.