తొమ్మిదికి తెచ్చిన నంబరు

మండపేటలో రైసుమిల్లు ఉన్న అచ్చిబాబుగారు ఆ ఉదయం ఆరు ఇడ్లీలు తిని, పన్నెండు కొట్టేలోగా హాస్టళ్ళ బియ్యం టెండరు పంపేయాలనుకున్నారు. కాగితాలు కాదు, ఇంటర్నెట్టులోనే పంపాలని సర్కారు పట్టుబట్టిన మొదటి సంవత్సరం అది. ఆ టెండరు తప్పితే వేసవంతా మిల్లుకు తాళమే.

కేబుల్ టీవీవాళ్ళు ముందురోజే నెట్టు వైరు లాగి, కంప్యూటరులో ఒక కార్డు బిగించి వెళ్ళారు. ఆ కార్డుకు ఫ్యాక్టరీలోనే వేసిన పన్నెండు అక్షరాల నంబరును కేబుల్ ఆఫీసు వెబ్ పేజీలో నమోదు చేయాలి. అంతవరకు ఆ ఒక్క పేజీ తప్ప మరేదీ తెరుచుకోదు.

గుమాస్తా చిట్టియ్య స్టిక్కరు చూసి నంబరు కొట్టబోయాడు.

"ఆగు. కూడితే ఎంతొచ్చింది?" అన్నారు అచ్చిబాబుగారు.

"ఎ అంటే ఒకటి, బి అంటే రెండు వేసుకుంటే ముప్ఫై అయిదండి. అంటే ఎనిమిది."

"శని!" అంటూ ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. ఆ మిల్లులో లారీల నంబర్లన్నీ కూడితే తొమ్మిదికి కుదిరినవే. ఎలకల బోనుకు కూడా తొమ్మిదో నంబరు వేయించారని ఊళ్ళో చెప్పుకుంటారు. ఎలకలు పడ్డాయో లేదో మాత్రం చెప్పుకోరు.

"ముందు శ్రీ పెట్టి, ఆఖర్న ఒకటి తగిలించు."

పేజీ ఎర్రబడింది. అంకెలు, ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు తప్ప మరేవీ ఒప్పుకోనంది. శ్రీ తీసేస్తే, పన్నెండు అక్షరాలు దాటాయని మళ్ళీ ఎర్రబడింది.

"అయితే చివరనున్న నాలుగంకె తీసి అయిదు పెట్టు."

"అది కార్డు నంబరు కదండి..."

"లారీకి కావలసిన నంబరు తెచ్చుకోలేదేంటి? పెట్టు!"

పెట్టాడు. పేజీ పచ్చబడింది.

"చూశావా? కంప్యూటరే ఒప్పుకుంది!"

ఆ పేజీ చూసేది నంబరు వాటమే గాని, అది ఎవరిదని అడగదు. పదకొండైనా నెట్టు రాలేదు. అచ్చిబాబుగారు కేబుల్ ఆఫీసుకు ఫోను కొట్టారు.

"ఆయ్, మీ నెట్టు బ్రహ్మాండంగా నడుస్తోందండి," అంది అక్కడి సత్యకుమారి.

"ఎక్కడమ్మా నడిచేది? ఇక్కడ అంగుళం కదల్లేదు!"

"గంట నుంచీ వాడుతున్నారు కదండి. బోల్డు సినిమా పాటలు దింపుకున్నారు."

"పాటలా! ఎవడో దొంగ దూరాడు! ముందు వాడి లైను కోసిపారెయ్యండి!"

"కంప్లైంటు రాసుకున్నానండి."

దొంగను పట్టడానికి చిట్టియ్య తల పైకెత్తి వైరు వెంట నడిచాడు. రెండు సైకిళ్ళను, ఒక గేదెను గుద్దుకుని, పాటలు మోగుతున్న గణేష్‌బాబు మిల్లు ముందు ఆగాడు.

గణేష్‌బాబు అచ్చిబాబుగారి చెల్లెలి మొగుడు. పెళ్ళి విందులో పూతరేకు ఒకటి తక్కువ వేశారని రెండేళ్ళుగా బావల మధ్య మాటల్లేవు. ఆయనకూ అదే డబ్బాలోంచి కార్డు తీసి బిగించారు. వరస నంబరు, చివర నాలుగుకు బదులు అయిదు. అమావాస్య వెళ్ళాక నమోదు చేద్దామని ఆయన ఆగితే, నెట్టు దానంతటదే వచ్చేసింది.

కబురు విని అచ్చిబాబుగారు టెండరు కాగితాలతో ఊడిపడ్డారు.

"లే బావా! ఆ నెట్టు నాది!"

"నెట్టు నీదైతే కుర్చీ నాది బావా. నా టెండరు సగంలో ఉంది."

"నా నంబరు మీద నీ టెండరేంటి?"

"నా కార్డు నంబరు నీదెప్పుడైంది?"

పావుగంట అరుచుకున్నాక, ముందు అచ్చిబాబుగారిది, తర్వాత గణేష్‌బాబుది పంపేలా రాజీ కుదిరింది. పన్నెండుకు ఆరు నిమిషాలుందనగా చిట్టియ్య ఆఖరి బటను నొక్కాడు. పాట మోగుతూనే ఉంది గాని, పేజీ తెల్లబోయింది.

"ఏమైందమ్మా?" అని అచ్చిబాబుగారు మళ్ళీ కేబుల్ ఆఫీసుకు ఫోను కొట్టారు.

"మీరు చెప్పిన దొంగ లైను కోసేశామండి. గంటలోగా కంప్లైంటు తీర్చడం మా ఆఫీసులో ఇదే మొదటిసారండి!"

టెండరు పిఠాపురం మిల్లుకు పోయింది. బావలిద్దరికీ మాత్రం ఆ రోజే మాటలు కలిశాయి. ఇద్దరూ కలిసి తిట్టడానికి చిట్టియ్య ఒక్కడే దొరికాడు.