క్లిక్ బటనూ, కెంచార్లహళ్ళి బస్సూ

పెళ్ళాం ఊళ్ళో లేదన్న దిగులు లక్ష్మణప్పకి బొత్తిగా లేదు. ఈ సంగతి ఎవరూ అడక్కపోయినా ఆయనే అందరికీ చెప్పుకున్నాడు. టీ కొట్టు దగ్గర చెప్పాడు, టమోటా మండీ దగ్గర చెప్పాడు, ఆఖరికి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన మనిషిక్కూడా చెప్పాడు. ఆ మనిషి "సరే సార్" అని రీడింగు తీసుకుని పోయాడు.

చింతామణి బజారులో లక్ష్మణప్పది పంటల మందుల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. కాయ తొలిచే పురుగు, ఆకు ముడిచే పురుగు, ఇంకా ఎవరూ పేరు పెట్టని పురుగు, అన్నింటికీ ఆయన దగ్గర మందుంది. అందుకే బజారు వాళ్ళు ఆయన్ని 'పురుగుల యముడు' అంటారు. అదేదో బిరుదనుకుని బోర్డు మీద రాయించబోతే భార్య వనజమ్మ అడ్డం పడింది.

ఈ యముడి అత్తగారి ఊరు కెంచార్లహళ్ళి. అక్కడ బావమరిది కొండప్ప పట్టుపురుగుల్ని పెంచుతాడు. పట్టుపురుగుకి పంటల మందు వాసన సోకితే చాలు, తల వాల్చేస్తుంది. అందుకని పురుగులు గూళ్ళు కట్టి ఆ పంట చేతికొచ్చేదాకా లక్ష్మణప్పకి ఆ ఇంటి గడప తొక్కే భాగ్యం లేదు. అల్లుడికి ఇంతటి మర్యాద చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ జరగదు.

ఈసారి కొండప్ప భార్య రూప కాలు జారి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. పురుగులకి ఆకు వేసే మనిషి లేదు. వనజమ్మ చీరలు సర్దుకుంది. పంట చేతికొచ్చేదాకా మధ్యలో ఒక్క పూట కూడా ఇంటికి రావడం కుదరదంది. అంగడి మీదున్న ఇల్లాయె, వచ్చి పోతే వాసన అంటించుకుని పోయినట్టే.

"పోవే, నాకేం? నెల దినాలు ఇల్లంతా నాదే. రాజా మాదిరి ఉంటా," అన్నాడు లక్ష్మణప్ప.

"ఆ రాజాకి సంగటి కెలికేది వచ్చునా?"

"హోటళ్ళు ఏమిటికి ఉండాయి?"

"సరేప్పా. ఎవురు ముందు ఎవుర్ని వెతుక్కోని వస్తారో చూస్తాం."

"నేనైతే రాను. ఒట్టు!"

వనజమ్మ బస్సెక్కింది. లక్ష్మణప్ప నిజంగానే రాజాలాగా ఇంటికొచ్చాడు. లుంగీ విప్పిన చోటే వదిలేశాడు. తడి తువ్వాలు మంచం మీద పడేశాడు. ఫ్యాను, లైటు, టీవీ అన్నీ వేసి కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు చూస్తే లుంగీ అక్కడే ఉంది. తువ్వాలు అక్కడే ఉంది. తిట్టేవాళ్ళు లేకపోతే తప్పు చేయడంలో కూడా రుచి ఉండదని ఆయనకి ఆ పొద్దున తెలిసొచ్చింది.

పగలంతా అంగడిలో గిరాకీ. సాయంత్రం షట్టరు దించాక తాళం మూడుసార్లు లాగి చూసి గానీ మెట్లెక్కేవాడు కాదు. పైన ఫ్రిజ్ తప్ప శబ్దం చేసే ప్రాణి లేదు. తుమకూరు హాస్టల్లో ఉన్న కొడుకు యశస్‌కి ఫోన్ చేస్తే "క్లాసులో ఉండా నాయినా" అనేవాడు, ఆదివారాలు కూడా. టీవీ మాట్లాడేది గానీ ఆయన మాట వినేది కాదు. ఆ మాటకొస్తే వనజమ్మా వినేది కాదు. కానీ ఎదురు చెప్పేది. ఆ ఎదురుమాట కోసం ఆయన ప్రాణం కొట్టుకుపోయేది.

రోజూ పొద్దున్నే ఫోన్ మాత్రం ఉండేది.

"ఏం తింటివప్పా?"

"సంగటి, మునక్కాయ చారు," అనేవాడు బన్ను నములుతూ.

"ఇల్లు ఊడ్చినావా?"

"అద్దం మాదిరి ఉండాది."

"అయితే సంతోషంగా ఉండావు."

"బ్రహ్మాండంగా ఉండా!"

ఫోన్ పెట్టేశాక మిగిలిన బన్ను కాగితంలో చుట్టేసేవాడు. ఎదురుగా కెంచార్లహళ్ళి బోర్డు పెట్టుకుని బస్సు పోతూ ఉండేది. ఎక్కితే గంటలో అక్కడుంటాడు. ఎక్కితే ఒట్టు పోతుంది. పరువు పోకుండా బస్సెక్కడం ఎట్లాగన్నదే ఆయనకున్న ఒకే ఒక్క సమస్య.

అలాంటి సమయంలో కొండప్ప ఫోన్ చేశాడు.

"బావా, రేష్మె ఇలాఖె వాళ్ళు, అదే పట్టు ఆఫీసు వాళ్ళు, పురుగుల ఫోటోలు ఇయ్యమన్నారు. మా ఫోన్లో తీస్తే మసక మసకగా వస్తాండాయి. మీ దగ్గర కెమెరా ఉండాది కదా?"

లక్ష్మణప్ప గుండె ఎగిరి గంతేసింది. గొంతు మాత్రం బిగబట్టాడు. "నాకు టైం యాడుందప్పా? అంగడి ఉండాది. సరే, పట్టుదల చేస్తాండావు కాబట్టి వస్తా."

కొండప్ప పట్టుదల ఏమీ చేయలేదు.

యశస్ నామకరణానికి కొన్న చిన్న డిజిటల్ కెమెరా అది. బీరువాలో చీరల కింద దొరికింది. ఛార్జింగ్ పెడితే లైటు వెలిగింది. ఆన్ చేస్తే మూతి ముందుకు చాపింది. బొమ్మ కూడా కనిపించింది. క్లిక్ బటన్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. గట్టిగా నొక్కాడు. బతిమాలి నొక్కాడు. బొటనవేలు ఎర్రబడింది గానీ ఫోటో పడలేదు.

ఫోన్లు రిపేరు చేసే గిరీశ్ దగ్గరికి తీసుకుపోయాడు. గిరీశ్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "అన్నా, ఇది ఎవురి జ్ఞాపకార్థం?" అని అడిగాడు.

కెమెరా లేకపోతే సాకు లేదు. సాకు లేకపోతే బస్సు లేదు. లక్ష్మణప్ప తనే బాగుచేయడానికి తీర్మానించుకుని భార్యకి ఫోన్ కొట్టాడు.

"ఆ సన్న స్క్రూడ్రైవరు యాడ పెట్టినావే?"

"కుట్టుమిషను సొరుగులో. ఏమిటికప్పా?"

"ఏం లేదు. గుండీ ఊడింది."

"గుండీ స్క్రూడ్రైవరుతో కుడతావా?"

"గట్టి గుండీ!" అని ఫోన్ పెట్టేశాడు.

వంటింటి గట్టు మీద కంచం పెట్టుకుని స్క్రూలు ఒక్కొక్కటే విప్పి అందులో వేశాడు. డొప్ప ఊడొచ్చింది. లోపల సన్న తీగలు, రేకులు. బటన్ కింద ఏ గృహప్రవేశం నాటిదో, పాయసం గట్టిపడి రాయై కూర్చుంది. దొరికింది దొంగ అనుకుంటూ పిన్నీసుతో గీకాడు. వేలు కాస్త పక్కకి జరిగి ఫ్లాషు దగ్గరున్న చిన్న గొట్టానికి తగిలింది.

బ్యాటరీ తీసేస్తే కెమెరాలో కరెంటు ఉండదని లక్ష్మణప్ప నమ్మకం. ఫ్లాషు నమ్మకం వేరు, అది తన కరెంటు తను దాచిపెట్టుకుంది. ఫటీమని కొట్టిన షాక్‌కి ఆయన చెయ్యి ఎగిరింది, చేతితో పాటు కంచం ఎగిరింది, కంచంలోని స్క్రూలు ఎగిరి తెరిచి ఉన్న పోపుల పెట్టెలో పడ్డాయి. సరిగ్గా ఆవాల గిన్నెలో.

ఆవాలన్నీ పేపరు మీద పోసి, కళ్ళజోడు పెట్టుకుని, స్క్రూ ఏదో ఆవగింజ ఏదో వేరు చేస్తూ కూర్చున్నాడు. వనజమ్మ ఉండుంటే ఈపాటికి నాలుగు వీధులకి వినిపించేలా తిట్టేది. ఆ తిట్లు తలుచుకుంటే ఒళ్ళంతా హాయిగా అనిపించింది.

కరోనా నాటి శానిటైజరుతో బటన్ తుడిచాడు. అన్నీ బిగించాక ఒక చిన్న స్ప్రింగు మిగిలింది. ఎక్కడిదో తెలియక జేబులో వేసుకున్నాడు. బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. విసుగొచ్చి గట్టు మీద పెట్టగానే 'టిక్' అని ఫోటో తీసుకుంది.

అంటే పనిచేస్తోంది. ఎప్పుడు చేస్తుందన్నది దాని ఇష్టం. ఇంట్లో వాళ్ళ తీరే దానికీ వచ్చిందనుకుని, తడి ఆరడానికి వంటింట్లోనే ఫ్రిజ్ మీద పెట్టి, ఆఫ్ చేయడం మర్చిపోయాడు.

సాయంత్రమైంది. రేపు వనజమ్మని చూస్తానన్న సంబరంలో కూడా ఇల్లు ఇల్లులా లేదు. ఆవాలు ఎత్తుతూ ఎత్తుతూ లక్ష్మణప్ప పొయ్యి పక్కకి పోయి నిలబడ్డాడు. నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. మూతి తిప్పాడు.

"పొద్దన్నించీ ఏం తింటివప్పా?" అన్నాడు సన్న గొంతుతో.

గబగబా ఇటుపక్కకి వచ్చాడు. "నా ఇష్టం! నువ్వెవురే అడిగేదానికి?" అన్నాడు వేలు చూపిస్తూ, తన గొంతుతో.

మళ్ళీ అటు. "నేను కాకపోతే ఎవురు అడుగుతారు నిన్ను?"

మళ్ళీ ఇటు వచ్చాడు గానీ దీనికి జవాబు తోచలేదు. ఆడించేదీ తనే, ఆడేదీ తనే అయినా భార్య మాటే పైచేయి అయింది. నవ్వొచ్చింది. నవ్వుతూనే వంటింటి గడప మీద కూలబడ్డాడు. కాసేపటికి చూసుకుంటే కళ్ళు తడిగా ఉన్నాయి. వనజమ్మ లేని ఇంట్లో ఉండటం తనకి చేతకాదని, ఎవరూ వినడం లేదు కదా అని, లక్ష్మణప్ప తనలో తను ఒప్పుకున్నాడు.

పొద్దున్నే సీకాయతో తలస్నానం చేశాడు. మళ్ళీ సబ్బుతో చేశాడు. మందు వాసన రవ్వంత కూడా ఉండకూడదని ప్యాకెట్టులోంచి కొత్త చొక్కా తీసి వేసుకున్నాడు. అంగడి వైపు పోకుండా వెనక మెట్ల నుంచి దిగాడు. ఇంత జాగ్రత్తా పడి, కెమెరాని తలుపు వెనక వేలాడుతున్న సంచిలో వేసుకుని బస్సెక్కాడు.

కెంచార్లహళ్ళిలో కొండప్ప ఇంటి గేటు తియ్యబోతుంటే కేక వినిపించింది.

"బావా! నిలబడు! అడుగు లోపల పెట్టొద్దు!"

"స్నానం రెండుసార్లు చేసినా కదప్పా!"

"నువ్వు చేసినావు. సంచి చేసిందా?"

లక్ష్మణప్ప సంచి వైపు చూసుకున్నాడు. మందుల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చిన సంచి. దాని మీద వెల్లకిలా చచ్చి పడిన లావుపాటి పురుగు బొమ్మ, ఆ బొమ్మకి అడ్డంగా ఎర్రటి ఇంటూ గుర్తు. నిన్నమొన్నటిదాకా అందులో శాంపిలు పొట్లాలుండేవి.

షెడ్డు కిటికీకి కట్టిన దోమతెర వెనక వనజమ్మ కనిపించింది. నెత్తికి గుడ్డ, చేతిలో మల్బరీ ఆకు. మనిషి కొంచెం చిక్కింది. లక్ష్మణప్ప గేటు ఊచల మధ్య మొహం పెట్టి చూశాడు.

"ఏమప్పా, పరామర్శకి వచ్చినావా, పురుగుల్ని బెదిరించేదానికి వచ్చినావా?" అంది ఆమె.

"ఫోటోలు తీసేదానికి వచ్చినా! నీకోసం కాదు!"

"నేనేమన్నా అడిగితినా?"

చేతికి కట్టుతో పురుగుల పని లేకుండా అరుగు మీద కూర్చున్న రూప లేచొచ్చింది. సంచిని అంత దూరాన కంచెకి తగిలించి, మంచి చేత్తో కెమెరా తీసి ఆన్ చేసింది.

"అన్నా, దీంట్లో అప్పుడే ఏవో ఫోటోలు ఉండాయే!" అంది. "వదినా! అన్న వంటింట్లో నిలబడుకోని వేలు చూపిస్తాండాడు!"

"ఎవురికి?" అంది వనజమ్మ తెర వెనక నుంచి.

"ఎవురూ లేరు. గోడకి."

కెమెరా ఫ్రిజ్ మీద కూర్చుని చేసిన పని లక్ష్మణప్పకి అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. "అమ్మా రూపా, ఇట్లియ్యమ్మా, అది చెడిపోయుండాది!" అని గేటు బయట నుంచి చెయ్యి చాపాడు.

"ఇంగోటి. నడుం మీద చెయ్యి పెట్టుకోని మూతి తిప్పుకోని ఉండాడు. అచ్చం నీ మాదిరే వదినా!"

కొండప్ప కడుపు పట్టుకున్నాడు. పక్కింటి గోడ మీద రెండు తలలు లేచాయి. రూప ఇంకొకటి చూసింది. ఈసారి ఏముందో పైకి చెప్పలేదు.

"ఏముండాదే?" అంది వనజమ్మ.

"నువ్వే వచ్చి చూడు వదినా."

"అక్కా, బయటికి పోతే మళ్ళా స్నానం చేయల్ల!" అన్నాడు కొండప్ప.

"చేస్తా లేప్పా," అంటూ వనజమ్మ బయటికి వచ్చేసింది. గేటు దాకా వచ్చి, ఆ వాసన కెమెరాని రెండు చేతులతో తీసుకుంది. అందులో లక్ష్మణప్ప గడప మీద కూర్చుని లుంగీ అంచుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆమె చాలాసేపు చూసింది. లక్ష్మణప్ప తన చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

"సంగటి, మునక్కాయ చారు అంటివే," అంది నెమ్మదిగా.

"ఆవాలు... ఆవాలు కంట్లో పడినాయి."

"ఇలాఖె వాళ్ళు ఏ ఫోటోలూ అడగలేదప్పా. నేనే కొండప్ప చేత చెప్పిస్తిని."

లక్ష్మణప్ప తలెత్తాడు.

"దాని బటన్ చెడిపోయుండేది నాకు తెలుసు. దాన్ని పట్టుకోని కూర్చుంటావు, సాయంత్రంపూట దిగులుండదు అనుకుంటి. బాగైతే అదే సాకు పెట్టుకోని వస్తావు అనుకుంటి. ఊరికే రమ్మంటే నువ్వు వస్తావా? ఒట్టు పెట్టుకోని కూర్చుంటివి."

"అంటే..." లక్ష్మణప్ప మొహం వెలిగింది. "ముందు ఓడింది నువ్వేనా?"

"నేనేప్పా. ఈడ ఇంతమంది ఉండారు. సరే అక్కా అంటాడు వాడు, సరే వదినా అంటాది ఈమె. ఒక్కరన్నా నా మాటకి ఎదురు చెప్పరు. నాకేం తోచదు."

గెలవడం లక్ష్మణప్పకి అలవాటు లేదు. ఇంతవరకూ ఆమె మీద ఎప్పుడూ గెలిచింది లేదు. గేటు ఊచ పట్టుకుని, "నాకూ తోచదే వనజా. నువ్వు లేకపోతే ఆ ఇంట్లో ఉండలేకుండా ఉండా," అన్నాడు. గోడ మీది తలలు విన్నాయని తెలిసినా వెనక్కి తీసుకోలేదు.

"అక్కా, పురుగులకి ఆకు!" అని కొండప్ప అరిచాడు.

వనజమ్మ కెమెరా ఆయన చేతిలో పెట్టి వెనక్కి తిరిగింది. పంట చేతికి రావడానికి ఇంకా రోజులున్నాయి. సాయంత్రానికి లక్ష్మణప్ప మళ్ళీ ఆ మెట్లే ఎక్కాలి. నీళ్ళ తొట్టి దాకా పోయి ఆమె ఆగింది.

"రేపు కూడా రాప్పా."

"రేపేం సాకు చెప్పుకోని వచ్చేది?"

"సాకు ఏమిటికి? ఊరికే రా."

లక్ష్మణప్ప కెమెరాని కొత్త చొక్కా జేబులో వేసుకున్నాడు. "వస్తా," అన్నాడు గొంతులోనే.

"ఏమంటివి? వినపడలేదు."

"వస్తానంటినే!" అని ఊరంతా వినేలా అరిచాడు పురుగుల యముడు.