రామబ్రహ్మం కూడగట్టిన మద్దతు

"పిల్లలు వీణ శ్రుతి చేసుకోగానే మీరు తలుపు తీసి ‘ష్’ అంటే ఎలాగండీ? భయపడి ఇంటికెళ్ళి చెప్పేస్తున్నారు," అంది రాజరాజేశ్వరి దోసె తిరగేస్తూ.

"మరి నా సంగతి? నిన్న ప్రొఫెసర్ అందరి ముందూ ‘మిస్టర్ రామబ్రహ్మం, గుళ్ళో ఉన్నారా?’ అన్నాడు."

కొండాపూర్‌లోని ఆ ఫ్లాట్లో ప్రతి సోమవారం టిఫిన్‌తోపాటు ఈ తగువూ వడ్డనకి వస్తుంది. ఆదివారం పొద్దున పదింటికి ముందుగదిలో ఆమె వీణ క్లాసు. అదే వేళకి పక్కగదిలో ఆయన ఆన్‌లైన్ క్లాసు. ప్రమోషన్ మీద ఆశతో ఆయన ఒక బిజినెస్ స్కూల్లో చేరాడు. కోర్సు మొదటి సగం పేరు నాన్-మార్కెట్ స్ట్రాటజీ. అంటే అమ్మకాలూ కొనుగోళ్ళూ కాకుండా, చుట్టూ ఉన్న ప్రభుత్వాన్నీ సంఘాలనీ ఇరుగుపొరుగునీ మనవైపు తిప్పుకోవడం. రెండో సగం ఎథికల్ లీడర్‌షిప్, అంటే నీతిగల నాయకత్వం.

ఇక రాజరాజేశ్వరికి, ఉద్యోగం మానేశాక తనకంటూ మిగిలింది ఆ వీణ క్లాసొక్కటే. ఇంకోసారి ఇలా జరిగితే పిల్లల్ని కొత్తగూడలో ఇంకో టీచర్ దగ్గర చేర్పిస్తామని ఇద్దరు తల్లులు అప్పుడే చెప్పేశారు.

"క్లబ్‌హౌస్ హాలు ఆదివారాలు ఖాళీయే కదా. సెక్రటరీ లీదియాగారిని అడుగుతాను," అంది.

"అడిగేస్తే ఎలా? అడిగితే కాదనే వీలుంటుంది. ముందు ఎవరికేం కావాలో కనుక్కుని మద్దతు కూడగట్టాలి. నాకొదిలెయ్, వచ్చే ఆదివారానికి హాలు నీది."

"హాలు అడగడానికి ఇంత చదువెందుకురా?" అంది లోపల్నుంచి ఆయన తల్లి బాలాత్రిపురసుందరి.

ఆ సాయంత్రమే ఆయన అసోసియేషన్ ట్రెజరర్ వీరేశాన్ని వాకింగ్‌లో పట్టుకున్నాడు.

"మేడం వీణకు నేనెందుకు అడ్డమొస్త సార్?" అన్నాడు వీరేశం. "గని ఆదివారం పొద్దుగాల హాల్ల క్యారమ్స్ పోటీ పెడ్తమని పోరగాళ్లకు మాటిచ్చిన. మీటింగ్ల మీరు జర చెయ్యి లేపాలె."

"తప్పకుండా!" అన్నాడు రామబ్రహ్మం. ఇవ్వనిదే ఏదీ రాదని క్లాసులో చెప్పారు.

మర్నాడు లిఫ్టులో సరోజమ్మగారు దొరికారు. సీనియర్ సిటిజన్ల ఓట్లన్నీ ఆవిడవే. ఆవిడకి యోగా క్లాసు కావాలి. "అదీ ఆదివారం పదింటికే నాయనా. ఆ వేళకే మా మోకాళ్ళు మాట వింటాయి."

"మీ వెనకాల నేనున్నానండీ!" అన్నాడాయన. వారం తిరిగేసరికి అపార్ట్‌మెంటులో సగం మంది మద్దతు ఆయనదే. హాలు మాత్రం ఒకటే.

ఆదివారం వచ్చింది. కోర్సులో రెండో సగం మొదలైంది. నాయకుడు తన స్వార్థాన్ని తనే బయటపెట్టుకోవాలి, చాటున చేసుకున్న ఒప్పందాలు నలుగురికీ చెప్పాలి, అధికారం చేతిలో ఉన్నవాళ్ళు దానివల్ల లాభపడకూడదు అన్నాడు ప్రొఫెసర్. రామబ్రహ్మం కళ్ళు చెమర్చాయి. క్లాసు పూర్తికాకుండానే అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో రాసేశాడు.

ఆయన కూతురు దేవిశ్రీ దాన్ని పైకి చదివింది. "‘నా భార్య వీణ క్లాసు కోసం మీ మద్దతు కోరాను. బదులుగా అదే సమయానికి వీరేశంగారి క్యారమ్స్‌కీ సరోజమ్మగారి యోగాకీ మాటిచ్చాను. ఇకపై హాలు తాళం ఎవరి దగ్గరుంటే వారూ, వారి కుటుంబమూ ఆ హాలు వాడుకోరాదని ప్రతిపాదిస్తున్నాను.’ నాన్నా! ఎందుకు పెట్టావిది?"

"పారదర్శకత!" అన్నాడాయన.

నిమిషంలో వీరేశం ఫోను. "ఏంది సార్ గిది? నాకూ మాటిచ్చి ఆమెకూ ఇస్తరా? పోరగాళ్ల ముంగట ఇజ్జత్ పోయింది!" సరోజమ్మగారు వాయిస్ మెసేజ్ పెట్టారు. "నా మోకాళ్ళని నలుగుర్లో పెట్టావు కదా నాయనా!" పార్కింగు కేటాయింపులో ఎవరెవరికి మాటిచ్చారో అదీ చెప్పమని రెండో బ్లాకు అడిగింది. లీదియా ఆ సాయంత్రమే మీటింగు పెట్టింది.

మీటింగు హాల్లోనే జరిగింది. అసలు తాళం ఎవరి దగ్గరుండాలన్నది ప్రశ్న. వీరేశానికి ఇస్తే క్యారమ్స్ అన్నారు. సరోజమ్మకిస్తే యోగా అన్నారు. రామబ్రహ్మం పేరు ఎవరూ ఎత్తలేదు.

లీదియా లేచింది. "ఈ హాలు కోసం ఎవరితోనూ బేరమాడనిది రాజరాజేశ్వరిగారొక్కరే. తాళం ఆవిడకే ఇద్దాం."

అందరూ చప్పట్లు కొట్టారు. వెంటనే రామబ్రహ్మం ప్రతిపాదన కూడా ఏకగ్రీవంగా నెగ్గింది. వీరేశం రెండు చేతులూ ఎత్తాడు.

బయటికొస్తూ లీదియా రాజరాజేశ్వరి చెయ్యి పట్టుకుంది. "సోమవారమే నన్నడిగుంటే ఇచ్చేసేదాన్ని కదండీ! అప్పటికి ఇంకెవరూ అడగలేదు."

ఆ రాత్రి రాజరాజేశ్వరి భోజనాల దగ్గర అందరికీ పెరుగు వడ్డించి, దేవిశ్రీతో మెల్లగా చెప్పింది.

"హాలు పదింటికి యోగాకి, పదకొండింటికి క్యారమ్స్‌కి ఇచ్చాను. మనం వాడుకోకూడదు కాబట్టి వీణ క్లాసు ఇక్కడే, ముందుగదిలో. ఆదివారాలు మీ నాన్న క్లాసు సెల్లార్లో, మన కార్లో."

"కార్లోనా?" అన్నాడు రామబ్రహ్మం, మద్దతు కోసం తల్లివైపు చూస్తూ.

"నడుముకి దిండిస్తాలేరా," అందావిడ.

తర్వాతి ఆదివారం ఎథికల్ లీడర్‌షిప్ రెండో పాఠం ఆయనకి సెల్లార్లో సిగ్నల్ అందినంత మేరకే అందింది.