సుషుమ్న తెరుచుకున్న ఉద్యోగి

కోకాపేటలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాణశక్తి విధానం అమల్లోకి వచ్చింది. ఇకమీదట ఎవరికి ఏ బాధ్యత అప్పగించాలో వారి పనితనాన్ని బట్టి కాక, పొద్దున్నే వారి శ్వాస ఏ ముక్కులో ఆడుతోందో చూసి నిర్ణయిస్తారు. అంతకుముందు దేన్ని చూసి నిర్ణయించేవారో ఎవరికీ తెలియదు కనుక, అందరూ దీన్ని సంస్కరణగానే స్వాగతించారు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఓదెలు చిన్న అద్దం పట్టుకుని నిలబడేవాడు. ఆవిరి కుడివైపు పడితే పింగళ నాడి, అంటే సూర్యుడు, నాయకత్వానికి అర్హులు. ఎడమవైపు పడితే ఇడ నాడి, చంద్రుడు; చెప్పిన పని చేసుకుపోయే చల్లని మనుషులు. ఎడమ చంకను నొక్కితే కుడి నాడి తెరుచుకుంటుందని శాస్త్రం. అందుకని క్యూలో అందరూ ఎడమ చంకలో నీళ్ల సీసా ఇరికించుకుని నిలబడేవారు.

శ్యామ్‌కు మాత్రం ఏ సీసా పనిచేయలేదు. చిన్నప్పుడు క్రికెట్ బంతి తగిలి అతని ముక్కు దూలం వంకరపోయింది.

"ఇయ్యాల గూడ చంద్రుడే సార్. జర జోర్‌గ ఊదుండ్రి," అనేవాడు ఓదెలు.

ఎంత ఊదినా చంద్రుడే. ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన టీమ్ లీడ్ పదవి, తన దగ్గర పని నేర్చుకుంటున్న తేజకు దక్కేలా ఉంది. తేజకు పని ఇంకా రాలేదు గానీ కుడి ముక్కు దివ్యంగా ఆడుతుంది. శ్యామ్ ఇక ఆగలేక ఆపరేషన్ చేయించుకున్నాడు.

"ప్రమోషన్ కోసం ముక్కు కోయించుకున్న మనిషిని మిమ్మల్నే చూశానండీ," అంది భార్య దేవిశ్రీ.

సెలవు ముగిసి వచ్చిన రోజున అద్దం నిండా ఆవిరే.

"రెండు దిక్కుల ఒచ్చింది సార్! గిట్ల ఎన్నడు సూడలే!" అని ఓదెలు కేకేశాడు.

కంపెనీ ప్రాణాధికారి పట్టాభిరామయ్య పరుగున వచ్చి చేతులు జోడించాడు. "సుషుమ్న తెరుచుకుందండీ! ఎన్ని జన్మలెత్తినా యోగులకు దొరకని స్థితి! సుషుమ్న ఆడేవేళ ధ్యానం తప్ప లౌకిక కార్యాలు కూడవని శాస్త్రం. ఇటువంటి మహానుభావుడి చేత పని చేయించుకుని ఈ సంస్థ పాపం మూటగట్టుకోదండీ!"

మధ్యాహ్నమే సన్మానం జరిగింది. శాలువా కప్పి, మెడలోని ఐడీ కార్డును భక్తిగా తీసుకున్నారు. తేజ వంగి కాళ్లకు దండం పెట్టి, లేస్తూ లేస్తూ శ్యామ్ కుర్చీ ఎత్తు సరిచేసుకున్నాడు.

శ్యామ్‌కు దుఃఖం ఆగలేదు. వెక్కి వెక్కి ఏడ్చేసరికి ఒక ముక్కు దిబ్బడ వేసింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. "చూడండి సార్, మళ్లీ ఒక్కటే ఆడుతోంది! నేను పనికొస్తాను!"

"ముక్తి పొందినవారిని మళ్లీ ఎక్కించుకోవడానికి సిస్టమ్ ఒప్పుకోదండీ," అన్నాడు పట్టాభిరామయ్య, ఆ కన్నీళ్లను ఆనందబాష్పాలుగా గుర్తించి.

ఇదంతా చదివి నవ్వుకుంటున్న పాఠకులు, ఏ ముక్కు ఆడుతోందో చూసుకోవడానికి ఇందాక పెట్టుకున్న ఆ వేలిని ఇక తీసేయవచ్చు.