చలికి అంటుకోని మందు

ఆ ఉదయం గుమాస్తా పెట్టుకున్న పని ఒక్కటే. బాల్కనీలో, చలిలో, తాను చేసిన డబ్బా స్టవ్ మీద గిన్నెడు నీళ్ళు మరిగించి భార్యకు చూపించాలి. ఆకాశం బూడిద రంగులో ఉంది. ఇల్లు అంతకన్నా ముసురుపట్టి ఉంది.

కిందటి చలికాలం ఆయన, గుడారం వేసుకుని వేడి టీ తాగుదామంటూ, భార్యను కొండమీదికి తీసుకెళ్ళాడు. కూల్‌డ్రింక్ డబ్బా కోసి చేసిన స్టవ్ అది. అరచేతిలో ఇమిడేది, ఈకంత తేలిక. ఇంట్లో భేషుగ్గా మండింది. కొండమీద మాత్రం అందులో పోసిన స్పిరిట్ చలికి ఆవిరి కాలేదు. మంట కాసేపు కొట్టుకుని ఆరిపోయింది. ఆవిడ చన్నీళ్ళు తాగి కొండ దిగింది. అప్పటినుంచి ఆయనతో మాట్లాడటం మానేసి, చెప్పవలసింది వాళ్ళమ్మ చేత చెప్పిస్తోంది. ఒకే దేవుడికి దణ్ణం పెట్టుకునే ఇద్దరి మధ్య ఇంత చలి ఎక్కణ్ణుంచి వస్తుందో ఆ దేవుడే చెప్పాలి.

నిన్న ఆయన మళ్ళీ కొండ మాటెత్తితే అత్తగారు జవాబు మోసుకొచ్చింది.

"రేపు పొద్దున్న చలిలో నీళ్ళు మరిగితే వస్తుందట బాబూ. మరగకపోతే తమ్ముడింటికి వెళ్ళిపోతుందట. తిరిగి ఎప్పుడొచ్చేదీ చెప్పలేదు."

అందుకని ఈసారి గుమాస్తా ఒక రాగి పట్టీని డబ్బాలోకి దింపి, పైకొనను మంట తగిలేలా వంచాడు. మంట వేడి ఆ పట్టీ వెంట కిందికి దిగి స్పిరిట్‌ను వెచ్చబెడుతుందని ఆయన ఆశ. గాలికి అడ్డంగా చుట్టూ రేకు నిలబెట్టాడు. అంటిస్తే అంటుకోలేదు. పట్టీ కోసిచ్చిన రేకుల పనివాడికి ఫోన్ చేశాడు. పొయ్యిలో పోసేది ఏదైనా సరే, ఆ పనివాడు దాన్ని "మందు" అంటాడు. అతనితో మాట్లాడి మాట్లాడి గుమాస్తాకూ అదే అలవాటైంది.

"మందు పోశానయ్యా. ఈ చలికి అది చాలినట్టు లేదు... ఇంకాస్తా? పొద్దున్నే అంతంత పోస్తే ఎలాగయ్యా?... సరే, పోస్తున్నా."

తలుపు అవతల ప్రార్థన పుస్తకం చదువుకుంటున్న అత్తగారు పుస్తకం మూసి, కొడుక్కి ఫోన్ చేసింది.

"ఒరే నాన్నా, మీ బావగారు తెల్లారీ తెల్లారకుండానే మందు మొదలుపెట్టార్రా! ఎవడో ఫోన్లో పొయ్యమంటున్నాడు, ఈయన పోస్తున్నారు!"

బావమరిది పక్కవీధిలోనే ఉంటాడు. స్వెట్టర్ తిరగేసి తొడుక్కుని పరిగెత్తుకొచ్చాడు. వస్తూనే బావగారి చేతులు పట్టుకుని వాసన చూశాడు. 

"బావగారూ... ఇది స్పిరిట్!"

"స్పిరిటే మరి. ఏమనుకున్నావు?"

"కనీసం నీళ్ళైనా కలుపుతున్నారా?"

"నీళ్ళు కలిస్తే ఇంకేం పనిచేస్తుంది? చిక్కటిదే కావాలి."

బావమరిది గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "మా అక్కకి తెలుసా?"

"తెలియకేం? రేపు కొండమీద ఆవిడ కోసమే కదా ఇదంతా. కాస్త జరుగు, గాలి తగలనీ... కాదు కాదు, అడ్డంగానే కూర్చో!"

లోపల మంచం కిందనుంచి సూట్‌కేసు లాగిన చప్పుడు వినిపించింది. "అమ్మా, నేను వెళ్తున్నానని ఆయనకి చెప్పు," అంది గుమాస్తా భార్య.  వాళ్ళమ్మ పుస్తకం చంకలో పెట్టుకుని లేచింది.

గుమాస్తా చెవి ఫోన్‌కు, కళ్ళు డబ్బాకు అప్పగించి ఉన్నాడు. "మందు అంటుకుందయ్యా! పట్టీ వేడెక్కుతోంది! పేలదు కదా?"

పై అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న రిటైర్డ్ ఇన్‌స్పెక్టరుగారు కిందికి తొంగిచూశారు. డబ్బా, రాగి ముక్క, మందు, పేలడం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయనకు ఒక్క బాంబైనా దొరకలేదు. ఆ దిగులు ఆయనకు ఇప్పటికీ ఉంది. హవాయి చెప్పులతోనే మెట్లు దిగారు.

"బాంబు! అందరూ బయటికి నడవండి!"

అత్తగారు పుస్తకంతో, బావమరిది సూట్‌కేసుతో, గుమాస్తా భార్య వట్టి చేతులతో మెట్లమీద పడ్డారు. సరిగ్గా అప్పుడే డబ్బా చుట్టూ నీలి మంట పువ్వులా విచ్చుకుంది. గిన్నెలో నీళ్ళు తెర్లాయి.

"మరిగాయి!" అని అరిచాడు గుమాస్తా. చూడవలసిన మనిషి అప్పటికే వీధిలో ఉంది. బాల్కనీ గుమ్మంలో ఇన్‌స్పెక్టరుగారు ఉన్నారు. ఆయన డబ్బాను ఒక్క తన్ను తన్నారు. నీళ్ళు ఒలికి మంట ఆరింది. డబ్బా అప్పడమైంది.

కింద అందరూ చలిలో ముడుచుకుని నిలబడ్డారు. గుమాస్తా నలిగిన డబ్బాతో దిగివచ్చాడు.

"మరిగాయి," అన్నాడు భార్యతో.

"పుచ్చుకున్నవాళ్ళకి అన్నీ మరిగినట్టే ఉంటాయి," అంది అత్తగారు.

"పుచ్చుకోవడమేమిటండీ? మందు పోసింది ఈ పొయ్యిలో!"

బావమరిది డబ్బా అందుకుని వాసన చూసి తల వంచుకున్నాడు. "పొయ్యికేనమ్మా."

గుమాస్తా భార్య మాత్రం తమ్ముడి దగ్గరున్న సూట్‌కేసు పిడి పట్టుకుంది. "మరిగాయని ఎవరు చూశారో అడుగమ్మా."

చూసినవాళ్ళు లేరు. గుమాస్తా డబ్బాను అటూ ఇటూ తిప్పాడు. భార్య సూట్‌కేసు ఎత్తుకుంది.

అప్పుడు ఇన్‌స్పెక్టరుగారు కుంటుకుంటూ మెట్లు దిగారు. "అమ్మో, కాలు కాలిందమ్మా!"

ఆవిడ ఆగింది. "గోరువెచ్చటి నీళ్ళకేనా?"

"గోరువెచ్చనా! సలసలా కాగిన నీళ్ళు తల్లీ! చూడు, బొబ్బలు!"

ఆవిడ వంగి బొబ్బల్ని పరీక్షగా చూసింది. ఒకదాన్ని వేలితో తాకింది. ఇన్‌స్పెక్టరుగారు కెవ్వుమన్నారు. ఆవిడ లేచి, మధ్యలో వాళ్ళమ్మ లేకుండా, మొగుడి ముఖంలోకి చూసింది.

"రేపు ఎన్నింటికి బయలుదేరాలి?"

ఆ సాయంత్రమంతా కూర్చుని గుమాస్తా పాతదానికన్నా తేలికైన స్టవ్ చేశాడు. ఆయన మోయవలసిన సంచిలో ఆవిడ ఇంట్లో కాచిన టీ నింపి ఇంత పెద్ద ఫ్లాస్కు పెట్టింది.