సొరంగంలో నాన్న

ఆ ఉదయం అతను అనుకున్నది చాలా చిన్న పని. రెండేళ్ల కూతుర్ని ఆటల చికిత్స కేంద్రంలో దింపి, అత్తగారిని తోడుంచి, తను ఆఫీసుకు పోవడం. తల్లి పోయినప్పటి నుంచి పాప ఆడడం మానేసింది, మాట్లాడడమూ మానేసింది. బొమ్మ చేతికిస్తే పట్టుకుంటుంది, లాక్కుంటే వదిలేస్తుంది. అతను మాత్రం కంటతడి పెట్టలేదు. నిబ్బరం గల మనిషని అందరూ మెచ్చుకున్నారు.

"మీరెక్కడికండీ?" అంది థెరపిస్టు, మళ్లీ బూట్లు తొడుక్కోబోతున్న అతన్ని చూసి. "మీరూ కింద కూర్చోవాలి. ఏమీ నేర్పొద్దు. పాప ఏం చేస్తే అదే చెయ్యండి."

అతను టై సర్దుకుని చతికిలబడ్డాడు. పాప చాలాసేపు గోడకేసి చూసింది. అతనూ చూశాడు. తర్వాత పాప మూలనున్న గుడ్డ సొరంగంలో దూరి అవతల తేలింది. అతనూ దూరాడు. భుజాల దగ్గర ఇరుక్కుపోయాడు.

లోపల చీకటి. ఎవరికీ మొహం కనపడని చోటు అతనికి ఇన్నాళ్లకు దొరికింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"చాలా బాగా లీనమయ్యారు. అలాగే కానివ్వండి," అంది థెరపిస్టు మెల్లగా.

వరండాలో కూర్చున్న అత్తగారికి మూలుగు వినపడింది. లోపలికొచ్చి చూస్తే సొరంగం బయట అల్లుడి కాళ్లు. గుండెపోటే అనుకుని ఆవిడ కాళ్లు పట్టి లాగింది. మేజోళ్లు ఊడి చేతికొచ్చాయి. అతను తన్నుకోవడంతో పక్కనున్న అలమర ఒరిగి చెక్కదిమ్మలన్నీ కుప్పకూలాయి. ఆ చప్పుడుకు వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, ఏమిటో అడక్కుండానే సొరంగం రెండో కొస పట్టుకుని లాగాడు. గుడ్డ నిలువునా చిరిగింది.

"గుండెలో నొప్పా బాబూ?"

"కాదత్తయ్యా. తను గుర్తొచ్చింది."

ఆవిడ అక్కడే కూలబడింది. "మీరు ఏడవందే మీ ముందు నేనెలా ఏడవను?" అని ఆమె కూడా మొదలుపెట్టింది.

పాప వాళ్లిద్దర్నీ కాసేపు చూసింది. బొమ్మల బుట్టలోంచి చిన్న కప్పు తెచ్చి తండ్రి పెదాలకు ఆనించింది.

"తాగు," అంది.

అతను ఆ ఖాళీ కప్పు చివరిదాకా తాగాడు. తర్వాత అమ్మమ్మ తాగింది. వాచ్‌మన్ వంతు వస్తే అతను ఊదుకుని మరీ తాగాడు.

"పాపకి పరవాలేదమ్మా," అంది థెరపిస్టు, దిమ్మలు ఏరుతూ. "వచ్చేవారం మీ అల్లుడుగారు మాత్రం తప్పకుండా రావాలి."

"తీసుకొస్తాలెండి," అంది అత్తగారు కళ్లు తుడుచుకుంటూ. "ఎత్తుకోమంటేనే కష్టం."